పితికిపప్పు కూర చేసేది ఇట్లా
చలికాలం వస్తే మా చిత్తూరు సైడు మార్కెట్ నిండా అనపకాయలే (చిక్కుడు జాతి కాయలు, సొరకాయ కాదు), గింజ బాగా నిండిన కాయలే ఏరుకోండి, లేతవైతే పితకడానికి రావు. గింజలు ఒలిచి రాత్రంతా నానబెట్టి పొద్దున్నే ఒక్కొక్కటి వేళ్ళతో నొక్కితే పప్పు టక్కున బయటికి దూకుతుంది, పని ఎక్కువే కానీ ఇంట్లో అందరూ కూర్చుంటే మాటల్లోనే అయిపోతుంది, బద్ధకించి తొక్కతోనే వండితే మాత్రం ఆ మెత్తదనం రాదండీ. ఎర్రగడ్డ (ఉల్లిపాయ), తెల్లగడ్డ (వెల్లుల్లి), అల్లం, ధనియాలు, చెక్క, లవంగం వేయించి పచ్చికొబ్బరితో రుబ్బుకోండి. తాలింపులో టమేటా మగ్గినాక మసాలా, పప్పు, ఉప్పు, కారం, నీళ్ళు వేసి మూత పెట్టేయండి. కుక్కర్ వద్దు, పచ్చి పప్పు కదా పిండైపోతుంది, సన్నమంట మీద పప్పు మెత్తబడేదాకా ఉంచితే చాలు. రాగిసంగటిలోకి సూపరు, మిగిలితే దోసెల్లోకి.