కుదురుగా కూర్చోలేని పిల్లలకు కబడ్డీ జట్టు

బడి నుంచి రాగానే గోడలెక్కే పిల్లలను "ఒకచోట కూర్చో" అని గదమాయించడం కన్నా, వారి చేత వారానికి మూడు సాయంత్రాలు కబడ్డీ ఆడించడం మేలని, మా వీధి పిల్లలను ఆడిస్తున్న అనుభవంతో చెబుతున్నాను. పద్నాలుగు మంది పిల్లలు, ఓపిక గల ఒక పెద్దమనిషి, కొంచెం మెత్తని నేల ఉంటే చాలు.

ముందు నేల సంగతి చూడాలి. పెద్ద మగవారి కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. చిన్నపిల్లలకు 11 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు సరిపోతుంది. మట్టిని జానెడు లోతు తవ్వి, రాళ్ళూ గాజుపెంకులూ ఏరి, ఇసుక కలిపి, నీళ్ళు చిలకరించి, ముగ్గుపిండితో గీతలు వేయాలి. రాళ్ళు ఏరడం పిల్లల చేతే చేయించండి.

జట్లను వయసును బట్టి కాక బరువును బట్టి విడదీయండి. గోళ్ళు కత్తిరించుకున్నారో లేదో చూసి, ఉంగరాలు, కడియాలు తీయించి, పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కేలా పరుగెత్తించాలి. పట్టు నేర్పే ముందు పడటం నేర్పాలి: గడ్డాన్ని గుండెకు ఆనించి, అరచేతులు నేలకు ఊనకుండా, భుజం మీదుగా దొర్లాలి. మెడనూ జుట్టునూ పట్టుకోకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పండి. తర్వాత గుక్క తిప్పుకోకుండా 30 సెకన్ల కూత, ఆపైన చేతులు పట్టుకుని గొలుసుగా కదలడం సాధన చేయించాలి.

ఈ ఆటలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించే నియమం ఒకటుంది. అవుటైన ఆటగాడు తనంతట తాను తిరిగి రాలేడు. తనవారు ఎదుటి జట్టులో ఒకరిని అవుట్ చేసి బతికించినప్పుడే, అవుటైన వరుసలో లోపలికి వస్తాడు. మా దగ్గరి పదకొండేళ్ళ కుర్రాడొకడు మొదటి వారమంతా అవుటైన ప్రతిసారీ చెప్పులేసుకుని ఇంటిదారి పట్టేవాడు. మూడో వారానికి గీత పక్కన గొంతుక్కూర్చుని, "చెయ్యి వదలకురా, వదలకు!" అని లోపలివారికి అరుస్తున్నాడు. కాబట్టి అవుటైన పిల్లలను ఇంటికి పంపకండి, గీత దగ్గరే ఉంచండి.

పక్క వీధితో పోటీకి పన్నెండుగురిని తీసుకువెళితే ఆడేది ఏడుగురే. బయట కూర్చునే ఐదుగురిని ప్రతి ఆటకూ మార్చండి. పాయింట్లు రాసే పని కూడా వారికే అప్పగించండి.