కండిషన్ కరెక్టే, అయినా స్విచ్ నోడ్ పట్టించుకోవట్లేదా? కనిపించని అక్షరం లొల్లి

యాప్‌లని కలిపి పనులు వాటంతటవే జరిగేట్టు చేసే ఎన్8ఎన్‌లో, కండిషన్ చూసి డేటాని వేర్వేరు బ్రాంచ్‌లలోకి పంపే ఇఫ్, స్విచ్ నోడ్‌లు పెట్టడం మీకు వచ్చనుకునే రాస్తున్నా, ఫీల్డ్‌ని లాగి కండిషన్ బాక్స్‌లో వదలడం లాంటివి ఇక్కడ ఉండవు.

"అన్నా బ్రాంచింగ్ పనిచేస్తలేదు" అని అడిగే ప్రతి ఒక్కళ్ళూ కండిషన్ స్క్రీన్‌షాట్ పంపుతారు. కండిషన్ నాకెందుకు, దాని దాకా ఏం వచ్చిందో అది కావాలి. ఎగ్జిక్యూషన్స్ ట్యాబ్‌లోకి పోయి, తప్పు జరిగిన ఆ రన్ మీద నొక్కి, స్విచ్ నోడ్ తెరిస్తే ఎడమ పక్కన ఇన్‌పుట్ ఉంటది, దాన్ని టేబుల్‌లో కాదు జేసన్ వ్యూలో చూడండి, ఎందుకంటే అక్కడైతేనే కొటేషన్ గుర్తులు కనబడతాయి, ఏది టెక్స్టో ఏది నంబరో తెలుస్తది. అర నిమిషం పని. ఇది చేయకుండా గంటలు గంటలు కండిషన్ మార్చి మార్చి చూసేవాళ్ళకి ఇంక ఏం చెప్పాలి.

సమస్య: ఐటమ్ (ఒక వరస డేటా) ఏ బ్రాంచ్‌లోకీ పోలేదు, ఎర్రర్ కూడా రాలేదు

స్విచ్ నోడ్‌లో ఫాల్‌బ్యాక్ ఔట్‌పుట్ అని ఆప్షన్ ఉంటది, మనం ముట్టుకోకపోతే అది 'నన్' మీదే ఉంటది. అంటే ఏ రూల్‌కీ సరిపోని ఐటమ్‌ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తది, రన్ మాత్రం పచ్చగా సక్సెస్ అని చూపిస్తది. దాన్ని 'ఎక్స్‌ట్రా ఔట్‌పుట్' చేసి, ఆ తీగని మీకే ఒక టెలిగ్రామ్ మెసేజ్ పోయేట్టు కలపండి. జబ్బు దీంతో తగ్గదు, కానీ జబ్బు ఉందని కస్టమర్ తిట్టకముందే తెలుస్తది.

సమస్య: 'రాంగ్ టైప్' అని ఎర్రగా వస్తోంది

ఇది మంచి ఎర్రర్, విషయం మొత్తం అదే చెప్తది, చదవరంతే. షీట్‌లోంచి పిన్‌కోడ్ 500039 నంబరుగా వచ్చింది, మీరు కండిషన్‌లో స్ట్రింగ్ (అంటే టెక్స్ట్) ఎంచుకున్నారు. టైప్ మార్చండి, లేదంటే 'కన్వర్ట్ టైప్స్' ఆన్ చేయండి. అసలు ప్రమాదం ఎర్రర్ రానప్పుడు, రెండు వైపులా టెక్స్ట్ అయిపోయి ఎక్స్‌ప్రెషన్‌లో పెద్దది చిన్నది చూస్తే "9000" కన్నా "10000" చిన్నదైపోతది, మొదటి అక్షరం తొమ్మిది కన్నా ఒకటి చిన్నది గదా.

సమస్య: అన్నీ ట్రూ లోకే పోతున్నాయి

'ఉప్పల్ కాదు' ఆర్ 'మియాపూర్ కాదు' అని పెట్టి ఉంటారు. ఏ ఏరియా అయినా ఆ రెండిట్లో ఏదో ఒకటి కాకుండానే ఉంటది. అక్కడ అండ్ పెట్టాలి. అయిపోయింది.

సమస్య: చూస్తే రెండూ ఒకటే, అయినా మ్యాచ్ కావట్లేదు

దీని దగ్గర నేను రెండు రాత్రులు కాల్చుకున్నా కాబట్టి కొంచెం తీరిగ్గా చెప్తా.

ఒక ఏసీ సర్వీస్ వాళ్ళకి పెట్టిన ఫ్లో అది. కస్టమర్ ఫామ్ నింపితే గూగుల్ షీట్‌లో వరస పడతది, ఏరియా పేరు తెలుగులో ఉంటది, స్విచ్ నోడ్ దాన్ని చూసి ఆ ఏరియా టెక్నీషియన్‌కి మెసేజ్ పంపుతది. ఎండాకాలం మొదలయ్యాక ఉప్పల్ కాల్స్‌లో సగం పోతున్నాయి, సగం పోవట్లేదు. పోయిందీ 'ఉప్పల్'ఏ, పోనిదీ 'ఉప్పల్'ఏ, జేసన్‌లో పక్కపక్కన పెట్టి చూసినా ఈగ వాలినంత తేడా లేదు. స్పేస్ ఉందేమో అని ట్రిమ్ (ముందూ వెనకా ఖాళీలు తీసేసేది) పెట్టా, మారలేదు. 'ఈక్వల్' తీసి 'కంటెయిన్స్' (ఆ పదం లోపల ఎక్కడున్నా చాలు) పెట్టా, అప్పుడు పోయాయి, హమ్మయ్య అనుకున్నా. కానీ ఇంకో ఫామ్‌లో ఏరియాలు ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంటాయి, అక్కడ కూడా అదే పెట్టేసరికి బోడుప్పల్ కాల్స్ అన్నీ ఉప్పల్ అతని నెత్తిన పడ్డాయి, ఇంగ్లీష్‌లో రాస్తే ఆ పేరు చివర ఈ పేరు ఉంది మరి. (తెలుగులో పడదు, 'ఉ' అక్కడ గుణింతంలో కలిసిపోయింది కాబట్టి. లిపి కాపాడిందన్నమాట.) కాబట్టి కంటెయిన్స్ మందు కాదు.

రెండో రాత్రి ఎందుకో షీట్‌లో పక్క కాలమ్‌లో లెన్ ఫార్ములా (అక్షరాలు లెక్కపెట్టేది) పెట్టి చూశా. కొన్ని ఉప్పల్‌లకి 6 (ఉ, ప, పొల్లు, ప, ల, పొల్లు, మెషీన్ ఇలా విడివిడిగా లెక్కేస్తది), కొన్నిటికి 7.

ఆ ఏడోది జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో దాని నంబరు 8204. తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే అది ఒత్తుగా మారి కిందికి పోతది, 'కూకట్' పక్కన 'పల్లి' టైప్ చేస్తే 'కూకట్పల్లి' అయి కూర్చుంటది. అలా కలవకుండా ఆపడానికి మధ్యలో పెట్టే కనిపించని అక్షరం అది, పెడితే 'కూకట్‌పల్లి' అని సరిగ్గా వస్తది. మధ్యలో ఉంటే పనికొచ్చేదే, ఇప్పుడు మీరు చదువుతున్న పేరాలో కూడా ఉన్నాయి. గొడవంతా పదం చివర ఉన్నప్పుడు, అక్కడ కంటికి ఏ తేడా కనబడదు, మెషీన్‌కి మాత్రం వేరే పదం. ఫామ్‌లో డ్రాప్‌డౌన్ పేర్లు నేను ల్యాప్‌టాప్‌లో కొట్టా, ఫోన్ చేసిన వాళ్ళవి ఆఫీసులో అక్క తన మొబైల్‌లో టైప్ చేసేది, ఆమె కీబోర్డు పొల్లుతో ఆగే ప్రతి పదం వెనకాల దీన్ని అంటిస్తోంది. ట్రిమ్ దీన్ని తీయదు, ట్రిమ్ దృష్టిలో ఇది ఖాళీ కాదు.

ఫిక్స్ ఏందంటే, స్విచ్‌కి ముందు ఒక ఎడిట్ ఫీల్డ్స్ నోడ్ పెట్టి, పోల్చడానికి మాత్రమే కొత్త ఫీల్డ్ చేసి, అందులో రీప్లేస్‌తో 8203, 8204, 8205 మూడింటినీ (మిగతా రెండూ కనిపించని అక్షరాలే) తీసేయండి, ఆఖర్న ట్రిమ్. షీట్‌లోనే చేస్తానంటే సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో యూనికార్ 8204 ఇచ్చి ఖాళీతో మార్చండి. పాత ఫీల్డ్ జోలికి పోవద్దు, కస్టమర్‌కి పోయే మెసేజ్‌లో 'కూకట్పల్లి' అని ఒత్తుతో పోతే చూడ్డానికి బాగోదు.

ఇక్కడ ఇంకో గుంట ఉంది, నేను అందులో కూడా పడ్డా. ఇది పెట్టిన మర్నాడు ఉప్పల్ మొత్తం సరిగ్గా పోయాయి, ఒక్క కూకట్‌పల్లి కాల్ కూడా పోలేదు, నిన్నటిదాకా శుభ్రంగా పోయినవి. ఏమైందంటే డేటాలో మధ్యనున్న 8204 తీసేశా, కండిషన్ బాక్స్‌లో నేను టైప్ చేసిన 'కూకట్‌పల్లి'లో అది అలాగే ఉంది. రెండు వైపులా కడగాలి, ఒకవైపు కడిగితే కొత్త రోగం.

మీ చేతిలో ఉంటే అసలు పేరుతో పోల్చడమే మానేయండి. ఫామ్‌లో పిన్‌కోడ్ అడగండి, ఉప్పల్ 500039, మియాపూర్ 500049, కూకట్‌పల్లి 500072, దానికి పొల్లూ లేదు ఒత్తూ లేదు. కాకపోతే షీట్‌లోంచి నంబరుగా వస్తదా టెక్స్ట్‌గా వస్తదా అన్నది పైన చెప్పినట్టు చూసుకోండి.

మిగతావి అరుదు. 'ఈరోజు' అనే కండిషన్ తేడా కొడితే వర్క్‌ఫ్లో సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ ఏషియా కోల్‌కతా ఉందా చూడండి, సొంత సర్వర్‌లో పెట్టుకున్నప్పుడు మార్చకపోతే న్యూయార్క్ టైమ్ మీద నడుస్తది. ఒకే ఐటమ్ రెండు బ్రాంచ్‌లకి పోతుంటే 'ఆల్ మ్యాచింగ్ ఔట్‌పుట్స్' ఎవరో ఆన్ చేసి పెట్టారు. అన్నీ మార్చాక కూడా ఎడిటర్‌లో పాత రిజల్టే వస్తుంటే ముందు నోడ్ మీద డేటా పిన్ అయి ఉంటది, అన్‌పిన్ చేసి మళ్ళీ రన్ కొట్టండి.