ట్యాబ్‌లో స్వరాలు తేడాగా కనిపిస్తే

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ... ఒడిశాలో ఇటువైపు మన తెలుగు ఇళ్ళలో సంగీతం నేర్చుకునేవాళ్ళు నోటుపుస్తకం పక్కనపెట్టి ట్యాబ్ ముందేసుకుంటున్నారు. ఎక్కడైనా తేడా వస్తే అందరూ ముందు ట్యాబ్‌నే తిడతారు. నన్నడిగితే ముందు ఫైలు చూడాలి, తర్వాత సెట్టింగులు, ఆ తర్వాతే కాలితో పేజీ తిప్పే బ్లూటూత్ పెడల్. కొత్త ట్యాబ్ కొనేదాకా పోవాల్సిన పని సాధారణంగా పడదు.

చుక్కలు కనిపించడం లేదు

తారస్థాయి (పై స్థాయి) షడ్జం మీద చుక్క లేదు, మంద్ర (కింది స్థాయి) నిషాదం కింద చుక్క లేదు, రెండో కాలానికి (రెట్టింపు వేగానికి) పైన గీసే గీత మధ్యలో తెగిపోయింది. అన్నిటికంటే ప్రమాదం సెమికోలన్‌తో. కామా అంటే ఒక స్వరమంత కాలం, సెమికోలన్ అంటే రెండు. సెమికోలన్ మీది చుక్క చెరిగిందా, మిగిలేది కామాయే! చూసి వాయించేవారికి ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఎందుకు కుదరట్లేదో ఎంత వెతికినా దొరకదు.

దీనికి కారణం ఎక్కువగా స్కాన్ యాప్‌లోని నలుపు-తెలుపు మోడ్. కాగితం మీది మరకలు తీసేస్తూ చిన్న చుక్కల్నీ మరకల్లో కలిపేస్తుంది. ఆ బొమ్మను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించి మిగిలినవాటినీ మసక చేస్తుంది. గురువుగారి పాత పుస్తకాన్ని పగటి వెలుగులో, గ్రే మోడ్‌లో, కుదిరితే 300 డీపీఐతో స్కాన్ చేయండి. పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. వచ్చాక ఒక్కసారి అసలు పుస్తకం పక్కన పెట్టి చుక్కలు సరిచూసుకోండి. ఈ పని విసుగే, కానీ తప్పదు.

తెలుగు బదులు పిచ్చి గీతలు వస్తున్నాయి

డీటీపీ షాపులో అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లతో కొట్టించిన వర్డ్ ఫైలు అయ్యుంటుంది. ఆ ఫాంటు ట్యాబ్‌లో ఉండదు. అన్ని పరికరాలూ గుర్తించే యూనికోడ్‌లో కొట్టినదైనా వర్డ్‌లోనే తెరిస్తే వరసలు జరిగి, చుక్కలు పక్క స్వరం మీదకు పోతాయి. టైపు చేసిన కంప్యూటర్‌లోనే, ఫాంట్లు ఫైల్లోనే ఉండిపోయేలా పీడీఎఫ్ చేయించుకోండి. ఒడియా మీడియంలో చదివిన మన పిల్లలకు ఒడియా లిపిలో స్వరాలు రాసిచ్చినా ఇదే పద్ధతి. అలా రాసివ్వడాన్ని కొందరు పెద్దలు నామోషీగా చూస్తారు గానీ, పిల్లలకు తాళం కుదిరితే చాలు కదా.

అక్షరాలు మరీ చిన్నగా ఉన్నాయి

ఏ4 కాగితం మూల నుంచి మూలకు 14.3 అంగుళాలు. 10 అంగుళాల ట్యాబ్‌లో ఆ పేజీ ఇంచుమించు మూడింట రెండు వంతులకు కుదించుకుపోతుంది. చుట్టూ ఉన్న ఖాళీ అంచుల్ని కత్తిరించండి. చాలకపోతే ట్యాబ్‌ను అడ్డంగా తిప్పి, సగం పేజీ చొప్పున చూడండి.

పేజీ తిప్పేసరికి పాట ఆగుతోంది

చర్చిలో కీబోర్డు వాయించేవారికి పెడల్ చక్కగా పనికొస్తుంది. కుడికాలు సస్టెయిన్ పెడల్ (స్వరాన్ని సాగదీసేది) మీద ఉంటుంది గనుక పేజీ పెడల్ ఎడమకాలికి పెట్టుకోవాలి. నేలమీద కూర్చుని కుడి పాదం మీద వయొలిన్ ఆనించేవారికి మాత్రం పెడల్ దండగ. కాలు కదిలితే వాద్యం కదులుతుంది. వీరికి సగం పేజీ తిప్పే సదుపాయం మేలు: కింది సగంలో పాత పేజీ ఉండగానే పై సగంలో కొత్తది వస్తుంది. ఐప్యాడ్‌లో ఫోర్‌స్కోర్, ఆండ్రాయిడ్‌లో మొబైల్‌షీట్స్ యాప్‌లు రెండింట్లోనూ ఇది ఉంది.

వర్ణం దగ్గర ఇంకో చిక్కు. అందులో ప్రతి చిట్టస్వరం (స్వరాల వరస) తర్వాత చరణం ఎత్తుకోవడానికి వెనక్కి వెళ్ళాలి. వెళ్ళకండి. పీడీఎఫ్ తయారుచేసేటప్పుడే చరణం పంక్తిని ప్రతి చిట్టస్వరం పేజీలో మళ్ళీ వేయించండి. పేజీలు ఎప్పుడూ ముందుకే పోతాయి.

పెడల్ పలకడం లేదు, లేదా రెండేసి పేజీలు దూకుతోంది

పలకకపోతే అది పక్కవారి ఫోనుకో, మీ పాత ఫోనుకో అతుక్కుని ఉండొచ్చు. ఆ ఫోనులో బ్లూటూత్ ఆపేయండి. కాసేపు వాడకపోతే నిద్రపోయే పెడళ్ళూ ఉన్నాయి, పాట మొదలెట్టే ముందు ఒకసారి తొక్కి లేపాలి. రెండేసి పేజీలు దూకుతుంటే కాలు ఎక్కువసేపు నొక్కి ఉంచుతున్నారన్నమాట. ట్యాబ్‌కు పెడల్ కూడా ఒక టైపు కీబోర్డే, నొక్కి ఉంచితే అదే మీట మళ్ళీ మళ్ళీ కొట్టినట్టు లెక్క.

తెర మసకబారుతోంది, ఆరిపోతోంది

ఆరిపోతుంటే స్క్రీన్ టైమవుట్ పెంచండి. వేసవి పెళ్ళి పందిట్లో మసకబారితే అది వేడి. ఐప్యాడ్‌కు ఆపిల్ చెప్పిన హద్దు 35 డిగ్రీలు, మే నెలలో మన పందిళ్ళు దాన్ని ఎప్పుడో దాటేస్తాయి. ఎండ తగలని చోట పెట్టండి, వాయిస్తూ చార్జింగ్ పెట్టకండి, కవర్ తీసేయండి.

ఇంట్లో తెరుచుకున్న ఫైలు అక్కడ తెరుచుకోవడం లేదు

ఫైలు ట్యాబ్‌లో లేదు, ఇంటర్నెట్‌లోని డ్రైవ్‌లో ఉంది. ఘాటీ దారి ఊళ్ళలో సిగ్నల్ అందకపోతే రాదు. బయల్దేరే ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, పాడబోయే ప్రతి కీర్తననూ తెరిచి చూడండి. తెరుచుకోనిది అప్పుడే దించుకోండి. అక్కడికెళ్ళాక అదే మోడ్‌లో ఉంచి, పెడల్ ఉంటే బ్లూటూత్ ఒక్కటి వేసుకోండి. అప్పుడు మధ్యలో కాల్స్ కూడా రావు.