క్రాకోవ్‌లో షిండ్లర్ ఫ్యాక్టరీ మ్యూజియం: టికెట్ నుంచి ఆఖరి గది దాకా

రెండో ప్రపంచయుద్ధంలో తన ఫ్యాక్టరీలో పనిచేసిన యూదులను నాజీల నుంచి కాపాడిన జర్మన్ వ్యాపారి ఆస్కార్ షిండ్లర్. 'షిండ్లర్స్ లిస్ట్' సినిమా చూసి ఆయన కథ కోసమే వెళ్లేవాళ్లు ఇక్కడ కాస్త తికమకపడతారు. పోలండ్‌లోని క్రాకోవ్ నగరంలో, లిపోవా వీధి 4వ నంబరులో ఉన్న ఈ మ్యూజియం ఒకప్పటి ఆయన ఎనామిల్ గిన్నెల ఫ్యాక్టరీ ఆఫీసు భవనం. యంత్రాలు, కొలుములు కనిపించవు. పాత షెడ్ల చోట ఇప్పుడు పక్కనే మోకాక్ అనే ఆధునిక కళల మ్యూజియం ఉంది. 2010లో తెరిచిన ప్రదర్శన 1939-1945 మధ్య జర్మన్ల ఆక్రమణలో ఉన్న క్రాకోవ్ గురించి. షిండ్లర్‌కు అందులో దక్కింది కొంచెం చోటే.

టికెట్ మ్యూజియం సొంత వెబ్‌సైట్‌లోనే తీసుకోండి. టికెట్ మీద ఉన్న సమయానికే లోపలికి పంపుతారు. వేసవిలో టికెట్లు కొన్ని రోజుల ముందే అయిపోతాయి. సోమవారం ప్రవేశం ఉచితమే కానీ, ఆ టికెట్లు కౌంటర్ దగ్గరే, పరిమితంగా ఇస్తారు; ఆ రోజు పనివేళలూ తక్కువ. ఒక్కరోజు కోసమే క్రాకోవ్ వచ్చినవాళ్లు ఈ ఉచితాన్ని నమ్ముకోకపోవడం మంచిది. మూసే వేళకు గంటన్నర ముందే ప్రవేశం ఆపేస్తారు.

ట్రామ్‌లో 'ప్లాత్స్ బోహతెరూఫ్ గెట్టా' స్టాప్‌లో దిగి, రైలు పట్టాల కింద నుంచి పది నిమిషాలు నడిస్తే చాలు. పెద్ద బ్యాగులు క్లోక్‌రూమ్‌లో పెట్టాలి.

లోపల దారి ఒకవైపే, చాలాచోట్ల ఇరుకు. రెండు గంటలు తక్కువ కాకుండా ఉంచుకోండి. అందరూ చేసే పొరపాటు ఒకటుంది: యుద్ధానికి ముందటి ఫొటోల దగ్గరే అరగంట నిలబడిపోయి, చివరి గదుల్లో పరుగెత్తడం. ఆ ఫొటోల దగ్గర పది నిమిషాలు చాలు. నాజీల స్వస్తిక గుర్తుల పలకలు పరిచిన నేల మీద నడవాల్సి వచ్చే చోట మాత్రం ఆగండి. మాటలేవీ చెప్పలేని సంగతి అక్కడ కాళ్లకు తెలుస్తుంది. ఘెట్టో, అంటే యూదులను నిర్బంధించి ఉంచిన పేట, గురించిన గదిలో గోడలు సమాధి రాళ్ల ఆకారంలో ఉంటాయి. 1941 మార్చిలో పెట్టిన ఆ ఘెట్టోను 1943 మార్చి 13, 14 తేదీల్లో ఖాళీ చేయించారు.

షిండ్లర్ ఆఫీసు గదిలో బల్ల, గోడకు పెద్ద మ్యాపు ఉంటాయి. ఆఫీసు మధ్యలో గిన్నెలతో నిండిన పారదర్శకమైన చిన్న గది, దాని లోపలి గోడల మీద ఆయన కాపాడిన వెయ్యికి పైగా మనుషుల పేర్లు. ఫొటోల కోసం జనం గుమిగూడేది ఇక్కడే. గుంపు కదిలేదాకా ఆగితే పేర్లు తీరిగ్గా చదువుకోవచ్చు.

చిన్నపిల్లలకు ఈ ప్రదర్శన తగదు. చీకటి, శబ్దాలు, ఉరితీతల ఫొటోలు ఉన్నాయి.

ఇంకో గంట ఉంటే, ట్రామ్ దిగిన ఆ కూడలికే తిరిగి వెళ్లండి. ఘెట్టో జనాన్ని రైళ్లెక్కించడానికి పోగుచేసిన చోటు అదే. ఇప్పుడక్కడ లోహపు ఖాళీ కుర్చీలు వరుసగా నిలబెట్టారు. మూలనున్న మందుల షాపు తదేయుష్ పాన్కియేవిచ్‌ది. ఘెట్టో లోపలే ఉండిపోయి దాన్ని నడిపిన పోలిష్ ఫార్మసిస్టు ఆయన. ఇప్పుడది చిన్న మ్యూజియం, టికెట్ వేరేగా తీసుకోవాలి.