చామగడ్డతో ఎక్పాంగ్: గరిటె పెట్టకుండా వండే ఎఫిక్ వంట

నైజీరియాలో కాలబార్ చుట్టుపక్కల ఉండే ఎఫిక్‌ల వంట ఎక్పాంగ్ న్కుక్వో. దీనికి కావలసిన సరుకు చాలామటుకు హైదరాబాద్ కూరగాయల బజార్లోనే దొరుకుతుంది. సరుకులో ఒకటి రెండు మార్చుకున్నా పర్వాలేదు గానీ, వండే వరస మారిస్తే మిగిలేది జావే.

నలుగురికి: పెద్ద చామగడ్డలు 750 గ్రాములు, పెండలం 250 గ్రాములు, లేత చామాకులు 25, ఎండురొయ్యలు 60 గ్రాములు, పండుమిర్చి 4, ఉల్లిగడ్డ 1, ఉడికించిన మటన్ పావుకిలో, మటన్ ఉడికిన నీళ్లు, ఎర్ర పామాయిల్ 120 మి.లీ. కిరాణా కొట్లో ప్యాకెట్‌లో అమ్మే పామాయిల్ శుద్ధి చేసింది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఇక్కడ కావలసింది శుద్ధి చేయని ఎర్ర నూనె. చలికాలంలో గడ్డకడితే చెడిపోయిందనుకుని పారబోయకండి.

చామాకు ఈనె చెక్కేసి, అరగంట నీడలో వాడనివ్వాలి. పచ్చిగా ఉంటే చుట్టేటప్పుడు చిరుగుతుంది. చేతులకు నూనె రాసుకుని గడ్డలూ పెండలమూ తురుముపీట సన్న కన్నాల వైపు తురమండి. ఆ రెంటిలో ఉండే సూదుల్లాంటి స్ఫటికాలే దురదకు కారణం. మిక్సీ మాత్రం వద్దు, తిప్పడానికి నీళ్లు పోయక తప్పదు, పిండి జారిపోతుంది. అర చెంచా ఉప్పు కలిపి, చెంచాతో ఎత్తితే ముద్దగా నిలుస్తోందో లేదో చూడండి.

ఆకును రెండు మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో చిన్న చెంచాడు పిండి పెట్టి, చిటికెన వేలంత చుట్ట చుట్టాలి. లావైతే నడుమ పచ్చి మిగులుతుంది.

మందపాటి గిన్నె అడుగుకీ గోడలకీ 3 చెంచాల ఎర్ర నూనె పట్టించి, మటన్ పరిచి, పైన చుట్టలు పేర్చండి. మసిలే మటన్ నీళ్లు గిన్నె అంచు వెంట, చుట్టల మట్టం వరకే పోయాలి. చన్నీళ్లు పోస్తే పిండి గట్టిపడే లోపే కరిగిపోతుంది. మూతపెట్టి మధ్యస్థం మంట మీద 20 నిమిషాలు. ఈలోగా గరిటె తగలకూడదు. అడుగంటుతుందని అనుమానమొస్తే గిన్నెను రెండు చేతులా పట్టుకుని కుదపండి.

చుట్టలు బిగిశాక దంచిన ఎండురొయ్యలు, మిర్చి, ఉల్లి ముద్ద, మిగతా నూనె, ఉప్పు వేసి సన్న మంట మీద ఇంకో 20 నిమిషాలు ఉంచాలి. నూనెను విడిగా పొగ వచ్చేదాకా కాస్తే ఎర్రదనం పోతుంది, అందుకే నేరుగా పోయడం. కాలబార్‌లో వేసే సెంట్ లీఫ్ మన తులసి జాతిదే. రామతులసి 6 ఆకులు తుంచి దింపే ముందు వేయండి. చామగడ్డ అనగానే మన చెయ్యి చింతపండు మీదకు పోతుంది, దీంట్లో పులుపు లేదు.

లావుపాటి చుట్టను కోసి చూడండి. నడుమ తెల్లగా ఉన్నా, నాలుక జివ్వుమన్నా ఇంకో 10 నిమిషాలు ఉడకనివ్వాలి.

తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుని రాసుకునేవాళ్లు "గుప్పెడు", "కొంచెం" అని రాసుకోకండి. నూనె సీసాను వంటకు ముందూ తర్వాతా తూకం వేస్తే లెక్క దానంతటదే తేలుతుంది. ఏ సరుకు బదులు ఏది వేశారో కూడా పక్కనే రాయాలి.

మర్నాటికి చిక్కబడుతుంది. అరకప్పు వేడినీళ్లు అంచు వెంట పోసి, మూతపెట్టి వెచ్చబెట్టండి. అప్పుడూ గరిటె వద్దు.