మేత మార్చే ముందు పందుల షెడ్డు చూడండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పందులు పెంచేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "దాణా బాగానే పెడుతున్నాం, బరువు రావడం లేదు. ఇంకేం కలపాలి?" చాలాసార్లు కలపాల్సింది ఏమీ ఉండదు. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం రూపొందించిన ఎస్‌వీవీయూ టీ-17 లాంటి మంచి రకం (75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే విదేశీ జాతి, 25 శాతం నాటు) తెచ్చుకున్నా, షెడ్డు సరిగా లేకపోతే తిన్నది ఒంటికి పట్టదు. నట్టల మందు వేశారా లేదా చూసుకున్నాక, దాణా బస్తా మార్చకముందే ఇవి గమనించండి.

మధ్యాహ్నం పెంటలో పడుకుంటుంది, తొట్టిలో మేత మిగులుతుంది

ఇది వేడి సమస్య. మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. పందికి ఒళ్లు చల్లబడేంత చెమట పట్టదు. ఒళ్లు తడుపుకోవాలి, లేదా రొప్పాలి. శుభ్రమైన నీళ్లు దొరక్కపోతే పెంటలో, మూత్రంలో పొర్లుతుంది. దాన్ని మురికి జంతువు అనడం అన్యాయం. చోటు ఉంటే పడుకునే మూల ఒకటి, పెంట వేసే మూల ఒకటి అదే విడిగా పెట్టుకుంటుంది.

ఎదిగిన పందికి 18 నుంచి 22 డిగ్రీలు హాయిగా ఉంటుంది. 25 దాటాక మేత తగ్గించడం మొదలుపెడుతుంది, ఎందుకంటే తిన్నది అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది. కత్తిరి ఎండల్లో రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు 40 దాటుతుంది. పడుకున్న పంది డొక్క చూస్తూ ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 50 దాటితే అది వేడి తట్టుకోలేకపోతోందని అర్థం.

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువ పడుతుంది. రేకుల మీద కొబ్బరి మట్టలు గానీ చెరకు ఆకు గానీ పరచండి, లేదా తెల్ల సున్నం కొట్టండి. గోడ నాలుగు అడుగులకు మించనివ్వకండి, పైన జాలీ చాలు. మధ్యాహ్నం పూట కాసేపు తడపడం, కాసేపు గాలికి ఆరనివ్వడం మార్చి మార్చి చేయాలి. గాలి ఆడకుండా నీళ్లు మాత్రం కొడితే ఉక్క పెరుగుతుంది. దాణా తెల్లవారుజామునా, పొద్దుగూకాకా పెట్టండి.

నీళ్లు ఉన్నాయి కానీ తాగడం లేదు

నల్ల ట్యాంకు, ఎండలో పరిచిన పైపు ఉంటే మధ్యాహ్నం రెండు గంటలకు నిపుల్ (పంది నోటితో నొక్కితే నీళ్లు వచ్చే కొళాయి) నొక్కి చేయి పెట్టి చూడండి. చేయి కాలే నీళ్లు పంది తాగదు. తాగకపోతే తినదు. పైపును మట్టిలో పూడ్చండి, ట్యాంకుకు నీడ వేయండి. నిపుల్ కింద లీటరు సీసా పెడితే నిమిషంలో నిండాలి. నిండలేదంటే ఉప్పు పేరుకుని ఉంటుంది, విప్పి కడగండి.

తోకలు కొరుక్కుంటున్నాయి, కొన్ని బలిసి కొన్ని బక్కగా ఉన్నాయి

ఇరుకు. ఐదు నెలలు దాటిన ఒక్కో పందికి నీడలో 14 నుంచి 19 చదరపు అడుగులు, దాదాపు అంతే బయట ఆవరణ కావాలి. 10 అడుగులకు 12 అడుగుల గదిలో ఏడెనిమిదికి మించకూడదు. గడ్డి గానీ వేరుశనగ కట్టె గానీ వేస్తే కెలుక్కుంటూ పక్కదాని తోక జోలికి పోదు. గాయమైనదాన్ని వెంటనే విడదీయండి. రక్తం రుచి తగిలితే మిగతావి ఆగవు.

కుంటుతున్నాయి, లేవడానికి కష్టపడుతున్నాయి

నున్నటి సిమెంటు నేల, కదలిక లేకపోవడం, కాల్షియం-భాస్వరం లోపం, మూడూ కారణాలే. నేలకు గరుకు గీతలు పెట్టించండి, నీళ్లు నిలవకుండా వాలు ఇవ్వండి, మినరల్ మిక్చర్ వాడండి.

"తిప్పితే కండ కరిగిపోతుంది" అని గదిలోనే బంధించేవాళ్లున్నారు. ఈ భయం అక్కర్లేదు. ఆవరణలో పొద్దున, సాయంత్రం తిరిగే పందికి బరువు చెప్పుకోదగ్గంతగా తగ్గదు, కాళ్లు గట్టిపడతాయి. ఎండలో మైళ్లు తోలడం వేరు, అందులో మేత ఖర్చు తప్ప లాభం లేదు. అలాగని నడిపిస్తే కొవ్వు పోయి మాంసం అమాంతం మెరుగవుతుందనీ ఆశపడకండి. కొవ్వు మందం ఎక్కువగా మేత మీద, జాతి మీద, కోసే బరువు మీద ఆధారపడుతుంది.

మాంసం పాలిపోయి నీళ్లు కారుతోంది

కోతకు ముందు బెదిరిన పందిలో ఇలా అవుతుంది. ఒళ్లు వేడిగా ఉండగానే కండరంలో పులుపు వేగంగా పెరిగి మాంసం మెత్తబడుతుంది, వండితే కుంచించుకుపోతుంది. చాలాసేపు పస్తుండి, కొట్లాడి అలసిపోతే దీనికి రివర్స్: మాంసం నల్లగా, జిగటగా ఉండి త్వరగా పాడవుతుంది.

కర్రతో కొట్టి ఎక్కించొద్దు. వెడల్పాటి చెక్క పలక అడ్డుపెట్టి నడిపించండి. ఆవరణలో తిరగడం అలవాటైన పంది బండి దగ్గర మొండికేయడం తక్కువ, వ్యాయామం వల్ల మాంసానికి కలిగే అసలు మేలు నా దృష్టిలో ఇదే. కోతకు 12 గంటల ముందు మేత ఆపి నీళ్లు మాత్రం పెట్టండి. చల్లపూట తరలించండి, వేర్వేరు గదులవి కలపకండి, దించాక రెండు మూడు గంటలు వదిలేయండి.

వండితే కంపు, కొవ్వు జారిపోతోంది

విత్తులు కొట్టని మగ పందుల్లో వాసన సహజంగానే వస్తుంది, రెండు మూడు వారాల వయసులోనే కొట్టించాలి. పెంటలో పడుకోవడం కూడా ఆ వాసనను పెంచుతుంది, కాబట్టి అమ్మే ముందు వారాల్లో గది రోజూ కడగండి. కొవ్వు జారడం మాత్రం మేత వల్లే: నూనె ఉన్న తవుడు, హోటల్ వ్యర్థాల నూనె చివరి రెండు నెలల్లో తగ్గించండి. హోటల్ వ్యర్థాలు ఎప్పుడు పెట్టినా అరగంట ఉడికించాకే పెట్టాలి. జ్వరంతో పాటు చెవుల మీద ఎర్రటి, నీలి మచ్చలు కనిపించి పందులు చచ్చిపోతుంటే అది షెడ్డు సమస్య కాదు. ఒక్కదాన్నీ అమ్మకుండా, కదపకుండా, అదే రోజు పశువైద్యుడికి చెప్పండి.