ఇ. కోలై సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌లోని లోహాన్ని జెల్‌పై గుర్తించే విధానం

సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనేది బాక్టీరియా శ్వాసక్రియలో పుట్టే సూపరాక్సైడ్‌ను (కణానికి హాని చేసే ఆక్సిజన్ రూపం) ఆక్సిజన్‌గానూ, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గానూ మార్చే ఎంజైమ్. దీని పనిని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఇ. కోలై అనే బాక్టీరియా కణద్రవ్యంలో మాంగనీస్ ఉన్న రూపం, ఇనుము ఉన్న రూపం ఉంటాయి. రాగి, జింకు ఉన్న మూడో రూపం పెరిప్లాజంలో (కణం లోపలి, బయటి పొరల నడుమ ఉండే చోటు), ముఖ్యంగా కల్చర్ ఎదుగుదల ఆగిన దశలో కనిపిస్తుంది. అందువల్ల చురుగ్గా పెరుగుతున్న దశలోనే కణాలను సేకరించాలి.

ఒక కల్చర్‌ను గాలి బాగా అందేలా కుదుపుతూ, మరొకదాన్ని గ్లూకోజ్ ఇచ్చి గాలి తగలకుండా పెంచండి. మాంగనీస్ రూపం ఆక్సిజన్ ఉన్నప్పుడే తయారవుతుంది కనుక, గాలి లేని కల్చర్ జెల్‌పై కనిపించే ఇనుము బ్యాండ్‌కు (ఎంజైమ్ చేరిన చోట ఏర్పడే పట్టీ) నమ్మకమైన పోలికగా నిలుస్తుంది. కణాలను ఫాస్ఫేట్ బఫర్‌లో, మంచు మీదే ఉంచి సోనికేషన్‌తో (అతిధ్వని తరంగాలతో) పగలగొట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి పైతేటను తీసుకోవాలి. నమూనాను మరిగించినా, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ కలిపినా ఎంజైమ్ విప్పుకుపోయి పని మానేస్తుంది. కాబట్టి ప్రతి బావిలో సమాన ప్రోటీన్ వేసి, ఎస్‌డీఎస్ లేని 10 శాతం జెల్‌ను (విద్యుత్తుతో ప్రోటీన్లను వేరుచేసే పాలీయాక్రిలమైడ్ పలక) చల్లగా నడపండి.

ఆ తర్వాత జెల్‌ను రెండు ముక్కలుగా కోసి, ఒకదాన్ని బఫర్‌లోనూ, రెండోదాన్ని 5 మిల్లీమోలార్ హైడ్రోజన్ పెరాక్సైడ్ (ఇది ఇనుము రూపాన్ని పనిచేయకుండా చేస్తుంది) కలిపిన బఫర్‌లోనూ కాసేపు నానబెట్టి, రెండింటినీ బాగా కడగండి. కొందరు రాగి రూపాన్ని ఆపడానికి సయనైడ్ కూడా వాడతారు. మాంగనీస్‌నూ ఇనుమునూ వేరు చేయడమే లక్ష్యమైతే అంత ప్రమాదకరమైన విషం అవసరం లేదని నా దృఢమైన అభిప్రాయం.

ముక్కలను ముందు చీకటిలో ఎన్‌బీటీ అనే రంగు పదార్థపు ద్రావణంలో, తర్వాత రైబోఫ్లేవిన్ (విటమిన్ బి2), ఎలక్ట్రాన్లను అందించే టెమెడ్ కలిపిన ఫాస్ఫేట్ బఫర్‌లో ఉంచి, చివరకు తెల్లని లైటు కింద పెట్టాలి. వెలుతురుకు రైబోఫ్లేవిన్ నుంచి పుట్టే సూపరాక్సైడ్ ఎన్‌బీటీని ఊదా రంగులోకి మారుస్తుంది. ఎంజైమ్ ఉన్నచోట మాత్రం ఆ రంగు రాక, జెల్ తేటగా మిగులుతుంది. ఈ దశలో జెల్ దగ్గరే ఉండి చూడండి: నేపథ్యం ముదురుతుండగా బ్యాండ్లు తేటపడతాయి, అతిగా వెలుగు తగిలితే వాటి అంచులు కూడా ఊదాగా మూసుకుపోతాయి. స్పష్టత రాగానే ఫోటో తీయాలి.

గాలిలో పెరిగిన కల్చర్ వరసలో సాధారణంగా మూడు బ్యాండ్లు కనిపిస్తాయి: నెమ్మదిగా కదిలేది మాంగనీస్‌ది, అన్నిటికన్నా దిగువది ఇనుముది, నడుమ ఉన్నది రెండు రకాల ఉపభాగాలు కలిసిన మిశ్రమ రూపం. పెరాక్సైడ్ ముక్కలో ఇనుము బ్యాండ్ మాయమై, మిశ్రమ రూపం బలహీనపడి, మాంగనీస్ బ్యాండ్ చెక్కుచెదరకుండా ఉంటేనే గుర్తింపు నిశ్చయం.